రాతి కోటలు – మట్టి మిద్దెలు

గడచిన వైశాఖమాసమున హిందూపురమునందు దగ్గరి బంధువుల యింట వివాహమునకు మేము పోవలసి వచ్చెను. అంతకు పదిదినముల ముందు ధర్మవరమునుండి మా చిన్నమ్మ టెలిఫోనులో మాటలాడుచు, "పెండ్లయినంక మా యింటికొచ్చి పోండమ్మా. వానలు పట్టకముందే మిద్దె ఇప్పేస్తారంట. మళ్లీ చూస్తామన్నా ఉండదు" అనెను.

ఆ మిద్దె మా బాల్యమున ప్రతి వేసవియందును మేము గడపిన యిల్లు. దానిని విప్పి సిమెంటు కప్పు వేయవలెనని చిన్నమ్మ కుమారుని కోరిక. పోయిన యేడు వానలలో రెండు రాత్రులు కప్పునుండి మన్ను రాలగా పిల్లలను ఎత్తికొని ఎదురింటి పంచలో పండుకొనిరట. అతని భయము న్యాయమైనదే. నలువదియేండ్లు తన చేతులతో అలికి, పూసి, సున్నము కొట్టిన యిల్లు కండ్లయెదుట కూలుట చూడవలసిన చిన్నమ్మ బెంగయు న్యాయమైనదే. ఇద్దరికిని మా మాటయందు గౌరవము కలదు గాని, ఏమి చెప్పవలెనో మాకు తోచలేదు.

సాధారణముగా మనము యాత్రకు పోయినప్పుడు దేవుని దర్శింతుము, కోటను చూతుము, అంగడిలో నాలుగు వస్తువులు కొందుము. ఈమారు దారిపొడుగునను గోడలను, కప్పులను చూచుచు పోవుదమని మేము నిశ్చయించుకొంటిమి. మేము చూచిన హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడు పట్టణములును 2022వ సంవత్సరము ఏప్రిల్ నెలవరకు అనంతపురము జిల్లాలోనివి. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్నవి.

హిందూపురము

హిందూపురము కన్నడదేశపు సరిహద్దున, పెన్నానదికి చేరువను ఉన్న వర్తకపు పట్టణము. గుత్తినేలిన మరాఠా నాయకుడు మురారిరావు తన తండ్రి హిందోజీ పేర దీనిని నెలకొల్పెనని చెప్పుదురు. బెల్లమునకును, చింతపండునకును, ఎండుమిరపకాయలకును ఈ పట్టణము పేరుపొందినది. అంగడివీథిలో నడచినంతసేపును బెల్లపు వాసన మనలను విడువదు.

పెద్దవీథులలో ఇప్పుడు సిమెంటు మేడలే కనబడుచున్నవి. పెండ్లివారి విడిది వెనుకనున్న సందులో మాత్రము రెండుమూడు పాత మిద్దెలు నిలిచియున్నవి. వానిలో ఒకదాని అరుగుపై వృద్ధుడైన మేస్త్రి యొకరు కూర్చుండియుండగా, మేము మిద్దెలనుగూర్చి అడిగితిమి. ఆయన సంతోషముతో లోపలికి పిలిచి చూపెను.

మన సీమలోని మిద్దె చదునైన కప్పు గల యిల్లు. దాని గోడలు రాతిపునాదిపై లేచును. కొందరు రాళ్లను మట్టితో కూర్చి కట్టుదురు. కొందరు పచ్చియిటుకలతో కట్టుదురు. ఏమియు లేనివారు వరిగడ్డియో కొర్రగడ్డియో కలిపి త్రొక్కిన మట్టిని మూరెడెత్తు పెట్టి, అది ఆరిన పిమ్మట పైవరుస పెట్టుచు గోడ నెత్తుదురు. గోడ మందము రెండడుగులకు తక్కువ యుండదు. దానిపై వేప, తుమ్మ మొదలైన చెట్ల దూలములు, దూలములపై దగ్గర దగ్గరగా చిన్న అడ్డకర్రలు, వానిపై కట్టెపుల్లలు, ఆకులు, ఆపైన మెత్తని మన్ను వేయుదురు. అన్నిటికన్న పైన చవుడు పరతురు. వెలుతురు రావలసినచోట కప్పునందు చిన్న గవాక్షి విడుతురు. వాన వచ్చినప్పుడు దానిని బండతోనో రేకుతోనో మూయుదురు.

చవుడు అనగా పంట పండని చవిటినేలల మన్ను. పొలమునందు దీనిని చూచి రైతు తల పట్టుకొనును. కప్పుమీద ఇదే ఇంటిని కాపాడును. దీనికి కారణము కలదు. ఈ మన్నునందు సోడియపు లవణములు మిక్కుటముగా నుండును. నీరు తగులగానే దానిలోని బంకరేణువులు విడిపోయి సందులన్నిటిని పూడ్చివేయును. అందుచేత వాననీరు లోనికి దిగక పైపైననే జారిపోవును. ఉప్పదనమువలన కప్పుమీద గడ్డి మొలవదు. పొలమున విత్తును చంపెడి గుణమే ఇంటికప్పునకు మేలయినది. ఇట్టి సూక్ష్మమును ఏ రసాయనశాస్త్రమును చదువని మన పూర్వులు కనిపెట్టిరి.

అయితే ఈ కప్పు అన్నిచోట్ల పనికిరాదు. ఈ ప్రాంతమున ఏడాదికి సుమారు 22 అంగుళముల వాన మాత్రమే కురియును. గోదావరి జిల్లాలవలె దినములతరబడి ముసురు పట్టునట్టి చోట మట్టికప్పు నిలువదు గనుక అక్కడ తాటాకుల ఏటవాలు కప్పులు, పెంకుటిండ్లు వెలసినవి. వాన తక్కువ, ఎండ యెక్కువయైన మన సీమలో అడుగెడు మందముగల మన్ను ఇంటిని చల్లగా నుంచును. మరియు ఆ చదునైన మిద్దె ఆడువారికి రెండవ వాకిలివంటిది. మిరపకాయలు, చింతపండు, వడియములు ఎండుట అక్కడనే. వేసవిరాత్రులు పండుకొని నక్షత్రములు లెక్కించుట అక్కడనే.

"మిద్దె మనిసిలాంటిదమ్మా, ఏటేటా ఒళ్లు చూసుకోవల్ల" అని ఆ మేస్త్రి మాకు చెప్పెను. ఆ మాట మాకు ప్రయాణమంతయు జ్ఞాపకమున నుండెను.

లేపాక్షి

పెండ్లి మరునాడు లేపాక్షికి పోతిమి. హిందూపురమునకు అది సుమారు 15 కిలోమీటర్ల దూరము. దారికి రెండుప్రక్కలను గుండ్లు గుండ్లుగా పేర్చినట్లున్న కొండలు. ఈ రాళ్ల వయస్సు రెండువందల కోట్ల సంవత్సరములకు పైబడినదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఈ సీమలో పెద్ద మ్రాకులు తక్కువ, రాయి కావలసినంత. అందుచేత ఇతరదేశములలో కట్టెతో చేయుపనిని ఇక్కడ రాతితో చేయుదురు. పొలముచుట్టు కంచెకు రాతికూసములు, పశువులపాకకు రాతికంబములు, చావడికి రాతిదూలములు, ఇంటిముందు తులసికోటకు రాతిపలక.

అంత గట్టిరాయిని ఎట్లు చీల్చిరో అని ఎవరికైనను ఆశ్చర్యము కలుగును. రాయికిని కొయ్యవలె వాలు కలదు. అనుభవముగల వడ్డెరవారు సుత్తితో తట్టి, ధ్వని విని ఆ వాలును తెలిసికొందురు. తరువాత వరుసగా చిన్న గుంటలు తొలిచి వానిలో చీలలు దిగగొట్టి, ఒకదాని వెంట ఒకటిగా సమ్మెటతో కొట్టగా బండ గీతగీసినట్లు పగులును. ఎండుకొయ్య చీలలు దిగగొట్టి నీరు పోయగా కొయ్య ఉబ్బి రాయి పగులుననియు చెప్పుదురు. పలుచని బండలు కావలసినచో రాతిపై మంటవేసి కాల్చి పొరలుగా లేపుటయు కలదు. విజయనగరకాలపు కట్టడములున్న చోట్ల గుండ్ల అంచులయందు ఆ గుంటలవరుస నేటికిని కనబడుచుండును.

లేపాక్షి వీరభద్రస్వామి ఆలయమును అచ్యుతదేవరాయల కాలమున, అనగా 1529-1542 సంవత్సరముల నడుమ, విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు కట్టించిరి. ఆలయమున్న కొండ తాబేలువలె నుండుటచే కూర్మశైలమందురు. ఊరిమొగదల నున్న నంది సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తుగల ఏకశిల. ఆలయములోపల ఒక స్తంభము అడుగు పూర్తిగా నేలకు ఆనియుండదు. చూడవచ్చినవారు దానిక్రింద బట్టను ఇటునుండి అటు లాగి ముచ్చటపడుచుందురు. మేమును చీరచెంగు దూర్చి చూచితిమి.

మమ్ము ఎక్కువగా నిలిపినవి మాత్రము వేరు. ఆవరణమునందలి బండపై భోజనపళ్లెములవంటి గుంటలు తొలిచియున్నవి. నడుమ అన్నమునకు పెద్ద పల్లము, చుట్టును కూరలకు చిన్న పల్లములు. పనిచేసిన శిల్పులు వానియందు భోజనము చేసిరని స్థలజ్ఞులు చెప్పుదురు. రంగులు కలుపుటకై తొలిచినవని మరికొందరందురు. ఏదైనను, వానిని చూడగానే ఇన్ని వందలమందికి ప్రతిదినమును ఎవరో దంచి, విసరి, వండి వార్చియుందురు గదా అని మాకు తోచెను. ఆలయము కట్టించిన సోదరుల పేర్లు మనకు తెలిసినవి. ఆ వంటలవారి పేర్లు ఏ బండమీదను లేవు.

మండపపు పైకప్పున రంగుల చిత్రములు కలవు. గరుకైన రాతిపై సున్నపుపూత పూసి, దానిపై చిత్రించిరి. ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు ప్రధానమైన రంగులు. ఎఱ్ఱమన్ను, జాజు, మసి, సున్నము – ఇవి మన సీమ ఆడువారు పండుగనాడు గోడలకును గడపలకును పూయు వస్తువులే గదా! చిత్రములలోని స్త్రీల చీరల అంచులను, గడులను చూచి ధర్మవరపు నేతగాండ్రు తమ పనిలో అనుకరించిరని చెప్పుదురు.

వెనుకప్రక్కనున్న కల్యాణమండపము పూర్తికాకయే నిలిచిపోయినది. విరూపణ్ణ పెనుకొండలో రాజుగారి ధనాగారమును చూచు అధికారి యనియు, ఆ ధనమును ఆలయమునకు వెచ్చించెనను అపవాదు రాగా తన కన్నులను తానే పెరికి గోడకు కొట్టెననియు ఒక కథ కలదు. కథ మాట యెట్లున్నను, పైకప్పులేని ఆ స్తంభములను చూచినచో రాతికట్టడము ఎంత ధనమును, ఎంతమంది బలమును మ్రింగునో తెలియును. అది రాజునకును దేవునికిని తగినది, కాపురస్థునికి కాదు.

పెనుకొండ

హిందూపురమునుండి ఉత్తరముగా సుమారు 40 కిలోమీటర్లు పోగా పెనుకొండ వచ్చును. ఆ ప్రాంతమున ఎఱ్ఱమంచి దగ్గర, 2019వ సంవత్సరమునుండి మోటారుకార్లు తయారగుచున్న పెద్ద కర్మాగారము కనబడెను. ఆ కర్మాగారపు ఉక్కురేకులు ఎక్కడెక్కడనుండియో వచ్చినవి. కొండపై కోటగోడ మాత్రము ఆ కొండరాయియే. కొండ యెచ్చట ముగిసినదో, గోడ యెచ్చట మొదలైనదో దూరమునుండి చెప్పజాలము.

మొదటి బుక్కరాయలు ఈ సీమను తన కుమారుడు వీరవిరూపణ్ణ ఒడయరునకు ఇచ్చెననియు, ఆ కాలముననే ఈ కోట కట్టబడెననియు కోటద్వారమునందలి శాసనము తెలుపుచున్నది. అది 1354వ సంవత్సరము నాటిది. 1565లో తళ్లికోట యుద్ధమున విజయనగరము పాడైన పిమ్మట తిరుమలదేవరాయలు పెనుకొండను రాజధానిగా చేసికొనెను. 1592 ప్రాంతమున రెండవ వేంకటపతిరాయలు చంద్రగిరికి పోవువరకు ఇదియే రాజధాని. పార్శ్వనాథుని జైనాలయము, బాబయ్యస్వామి దర్గా, షేర్‌ఖాన్ మసీదు, ఎన్నియో హిందూ దేవాలయములు ఒక్క ఊరిలోనే యున్నవి.

విజయనగరపు కోటగోడలలో పెద్దబండలను సున్నము లేకయే ఒకదానికొకటి అతుకునట్లు చెక్కి పేర్చుదురు. లోపల చిన్నరాళ్లు, మన్ను నింపుదురు. గగనమహలు పని వేరు. అది రెండంతస్తుల మేడ. క్రింద కమానులు, పైన దేవాలయగోపురమువంటి శిఖరము. హిందూ ముసల్మాను శిల్పరీతులు రెండును అందు కలిసినవి. దాని అందమంతయు సున్నమునందున్నది. పైపూత రాలినచోట చూచినచో లోపల సామాన్యమైన రాళ్లే.

సున్నము సంగతి మన వంటయింటికి దగ్గరైనది. సున్నపురాతిని బట్టీలో కాల్చి, ఆపై నీరు చల్లగా బుసబుస పొంగి, వేడెక్కి, పొడి యగును. దానికి ఇసుక కలిపి ఎద్దులు త్రిప్పెడు రాతిగానుగలో మెత్తగా నూరుదురు. కరక్కాయలు నానిన నీరును, బెల్లపునీరును అందు పోయుదురు. మేలైన పూతకు కోడిగ్రుడ్ల తెల్లసొనయు చేర్చుటకలదు. ఈ గచ్చు గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకొని ఏండ్లు గడచినకొలది గట్టిపడి మరల రాయి యగును. హిందూపురపు అంగడిలో బెల్లపు వాసన పీల్చినప్పుడు, దీనిలో కొంత ఒకప్పుడు గోడలలోనికి పోయెడిదని మేము తలంపలేదు.

గగనమహలు నీడలో కూర్చుండి తెచ్చుకొన్న పులిహోర తినుచుండగా, చరిత్ర చదువుచున్న మా అక్క కుమార్తె ఆంగ్లదేశపు పాత పట్టణములనుగూర్చి చెప్పెను. మధ్యయుగమున అక్కడి సామాన్యుల యిండ్లు కొయ్యవి. ఓకు మ్రాకుల దిమ్మెలతో చట్రము కట్టి, నడుమ సన్నని కొమ్మలతో తడికలల్లి, వానిపై బంకమట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తెడివారు. "పేడ కూడానా!" అని మా పిల్లలు నవ్విరి. కప్పు గడ్డిదే. మాటిమాటికి నిప్పు అంటుకొని వీథులకు వీథులు కాలిపోయెడివి. లండనులో ఇరుగుపొరుగుల నడుమ మూడడుగుల మందముగల రాతిగోడ కట్టుటకు 1189లోనే నియమములు చేసిరి. 1212లో ఘోరమైన అగ్నిప్రమాదము జరిగిన పిమ్మట గడ్డికప్పులను నిషేధించిరి. అయినను కొయ్యయిండ్లు పోలేదు. 1666లో నగరము మరల కాలగా, అప్పుడుగాని ఇటుకతోను రాతితోను కట్టవలెనను చట్టము గట్టిగా అమలునకు రాలేదు. రాజులు మాత్రము లండను కోటకును, కాంటర్బరీలోని మతాధిపతులు తమ దేవాలయమునకును సముద్రము దాటించి ఫ్రాన్సుదేశపు రాతిని తెప్పించుకొనిరి.

దేశము వేరైనను పద్ధతి ఒక్కటే. దొరలు దూరపు రాయి తెచ్చుకొందురు. కాపురస్థులు కాలిక్రింద దొరికినదానితో కట్టుకొందురు. వారి శత్రువు నిప్పు, మన శత్రువు నీరు.

1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, ఒక్క అంతస్తుతో చదునైన కప్పులుగల యిండ్లను వేలకువేలుగా చూచినట్లు వ్రాసియున్నాడు. మనము నేడు హంపీకి పోయి చూచినచో ఆ యిండ్లు లేవు. రాజుల నగరులకును రాతి అరుగులే మిగిలినవి. అరుగులపై నున్న కొయ్య, ఇటుక, గచ్చు పోయినవి. పెనుకొండలోను అంతే. కోట యున్నది, గుడి యున్నది, మసీదున్నది. కోటలోని లక్షణమైన కాపురములు ఏమైనవి? మన్ను మంటిలో కలిసినది. నిలిచినదానినిబట్టియే చరిత్ర వ్రాయుదుము గనుక, నాటి పట్టణమనగా రాజులును శిల్పులును మాత్రమే యుండినట్లు మనకు తోచును. నిజమునకు ఆ పట్టణమునందు చాలభాగము మట్టియే. ఆ మట్టిని ప్రతియేడు నిలిపినవారు స్త్రీలు.

ధర్మవరము

సాయంకాలమునకు ధర్మవరము చేరితిమి. చిత్రావతినది ఒడ్డునున్న ఈ పట్టణమును క్రియాశక్తి ఒడయరు నెలకొల్పి, తన తల్లి ధర్మాంబ పేరుపెట్టి, పెద్ద చెరువు కట్టించెనని చెప్పుదురు. పట్టుచీరల కీర్తి మన పాఠకురాండ్రకు చెప్పనక్కరలేదు. చిన్నమ్మ యింట రెండు మగ్గములు.

నేతవారి యిల్లు మగ్గముకొరకే కట్టబడును. గుంతమగ్గమునకు నేలయే ఒక భాగము. నేతగాడు గుంతలో కాళ్లు పెట్టి కూర్చుండి త్రొక్కుపలకలు త్రొక్కును. మట్టినేలలోని చెమ్మవలన దారము పెళుసెక్కి తెగదు; మట్టిగోడల చల్లదనము వేసవిలో పనివానికి హాయి. కాని వానకాలమున గుంతలో నీరూరినచో పని ఆగును, కూలి పోవును. మరియు నేటి పూలచీరలకు వలయు జకార్డు యంత్రమును మగ్గముపైన నెత్తున బిగింపవలెను. పాత మిద్దెల కప్పు అంత ఎత్తు లేదు. మా తమ్ముడు ఈ మాటయు చెప్పెను. ఇల్లు పడునను భయమొక్కటియే కాదు. ఇంటివలన అన్నమునకును అడ్డము వచ్చినది.

మరునాటి యుదయమున మేస్త్రి వచ్చెను. మేమును మిద్దె యెక్కితిమి. ఆయన ఒక మూల గునపముతో త్రవ్వి చూపగా, మన్ను మూరెడు మందమున్నది. అంచున చూచినచో దోసెలు పేర్చినట్లు పొరలు. ప్రతియేడును వానలకు ముందు క్రొత్తచవుడు పరచిరిగాని, పాతదానిని తీయలేదు. కూలి కలిసివచ్చునని అందరును చేయు పనియే యిది. మట్టిమిద్దెలు కూలుటకు ముఖ్యకారణమును ఇదియే. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల గదిమీద మూరెడు మందమున మన్ను ఉన్నచో ఆ బరువు ఆరేడు టన్నులుండును. వానలో నానినచో ఇంకను పెరుగును. ఆ బరువంతయు నాలుగైదు దూలములు మోయవలెను. తరువాత మేస్త్రి లోపలికి వచ్చి పడసాలలోని నడిమిదూలమును గునపపు మొనతో పొడిచెను. మొన జానెడు లోనికి పోయెను. చెదలు లోపల తిని, పైబెరడు మాత్రము మిగిల్చినవి.

ఎవరును మాటలాడలేదు. చిన్నమ్మ ఆ దూలముక్రింద నిలుచుండి పైకి చూచి, "దీని కిందనే పండుకుంటిమే ఇన్నాళ్లు" అని మాత్రము అనెను. కొంతసేపటికి కుమారునితో, "ఇప్పేయండి నాయినా. ఇల్లు పోతే పోనీ, మనుసులు ఉండల్ల" అనెను.

అంతటితో వాదము ముగిసినది. కాని మేము దారిలో చూచినవి వ్యర్థము కాలేదు. మొత్తము పడగొట్టి లారీకెత్తుట కాక, ఏది ఉంచదగును, ఏది తీయదగును అని కూర్చుండి ఆలోచించితిమి. పడసాలయందలి నాలుగు రాతికంబములకు ఏ లోపమును లేదు. అవి క్రొత్తయింటి ముందరి పంచకు వచ్చును. గడపరాయి, తలవాకిలి ద్వారబంధము నిలుపవలెనని మా తమ్ముడే అనెను. వెనుకనున్న వంటయిల్లు చిన్నది, గోడలు గట్టివి. దాని కప్పుపై పాతచవుడంతయు తీసివేసి, రెండు దూలములు మార్చి, మరల వ్రేలెడు మందమున చవుడు పరచుటకు మేస్త్రి ఒప్పుకొనెను. చవుడుమన్ను ఇటుకకు పనికిరాదు. గోడమట్టి మాత్రము నానబెట్టి త్రొక్కినచో మరల మట్టియే. దానితో దొడ్డిగోడ పెట్టుదురు. సిమెంటునకు ఆ గుణము లేదు, పగిలినది పగిలినట్లే.

క్రొత్తగా కట్టువారికి మట్టి నిషిద్ధమని మేము చెప్పుటలేదు. బెంగుళూరునందలి భారతీయ విజ్ఞానసంస్థలో 1974లో ఏర్పడిన 'ఆస్ట్రా' విభాగమువారు, తగిన మన్నునందు నూటికి ఐదు మొదలు ఎనిమిది పాళ్లు సిమెంటు కలిపి యంత్రముతో అదిమిన యిటుకలను ప్రచారము చేసిరి. వానిని కాల్చ నక్కరలేదు గనుక కట్టెలు, బొగ్గు మిగులును. ఆఫ్రికాలోని మాలీదేశమున జెన్నే పట్టణమునందు గొప్ప మట్టిమసీదు కలదు. 1907లో కట్టిన ఆ మసీదునకు ఊరివారందరు కూడి పండుగగా మట్టిపూత వేయుదురు. మట్టికి ఆయుర్దాయము దానిని చూచుకొనువారి చేతులలో నున్నది. చిన్నమ్మ యింట ఆ చేతులిప్పుడు పట్టునూలు చుట్టవలెను, కోడలు పాఠశాలకు పోయి పాఠములు చెప్పవలెను. ఏటేట మిద్దెకు పూయు తీరిక వారికి లేదు. అందుకు వారిని తప్పుపట్టుట న్యాయము కాదు.

మాకు తోచినవి

మట్టిమిద్దెలలో కాపురముండు సోదరీమణులు కొన్ని సంగతులు గమనింపవలెను. వానలకు ముందే మిద్దె యెక్కి చూడుడు. క్రొత్తచవుడు పరచుటకు ముందు పాతచవుడును తీయింపుడు. నీరు పోవు దోనెలను శుభ్రపరచుడు. దూలము నడుమ క్రుంగినను, పుల్లలసందున ఊరక మన్ను రాలినను, గోడ అడుగున ఉప్పు పొటమరించి మన్ను కొరికినట్లు రాలినను, మూలలయందు నిలువుబీట పెరుగుచున్నను ఆ గదిలో పిల్లలను పండుకొనబెట్టకుడు. ముసురుపట్టిన రెండవ మూడవ దినములు మొదటి దినముకన్న ప్రమాదకరములు. నానినకప్పు బరువు అప్పుడే హెచ్చును. సిమెంటుకప్పు వేసికొన్నవారు దానిపై తెల్లసున్నము పూయించినచో ఎండవేడిమి కొంత తగ్గును.

మేము బయలుదేరునాటికి పనివారు మిద్దె పైపొరలు తీయుటకు మొదలుపెట్టిరి. చిన్నమ్మ ప్రక్కన నిలిచి చూచుచు, పై పొరలలో ఒకదానిని చూపి అది కోడలు కాపురమునకు వచ్చిన సంవత్సరపుదనియు, దాని క్రిందిది తానొక్కతెయే పరచినదనియు చెప్పుచుండెను. అంతకంటె క్రిందివి అత్తగారివట; అడుగున నున్నవి ఎవరివో ఆమెకు తెలియదు. మా అక్క కుమార్తె తన పుస్తకములో ఆ యింటి పటము గీసికొని, ఏ గది ఎవరు కట్టిరో, ఏ గోడ ఎవరు పూసిరో చిన్నమ్మ నడిగి వ్రాసికొనెను. చిన్నమ్మకు మొదట సిగ్గు కలిగెను. తరువాత తానే ముందు నడచి, మరచినవి జ్ఞాపకము చేసికొని చెప్పెను.

పెనుకొండ కోటను ఎవరు కట్టించిరో శాసనమున్నది. మన యిండ్లకు శాసనములు లేవు. ఇంటి పెద్దలు ఉండగానే, ఇల్లు నిలిచియుండగానే, అడిగి వ్రాసికొనుట మనము చేయదగిన పని.